వణికే మౌంట్‌ను బాగుచేసుకోవాలా, మార్చుకోవాలా? మొదటి టెలిస్కోప్ ఉన్నవాళ్లకు ఎంపిక సలహా

మొదటి టెలిస్కోప్ అటకెక్కిందంటే తప్పు అద్దానిది కాకపోవచ్చు. చాలా ఇళ్లలో తప్పు దాని కింద ఉన్న మౌంట్‌ది, అంటే ట్యూబ్‌ను పట్టి ఉంచి తిప్పే ఆధారానిది. శని కనబడిందనుకునేలోపే బొమ్మ ఊగుతుంది. ఫోకస్ నాబ్ ముట్టుకుంటే మళ్లీ ఊగుతుంది. చెయ్యి తీయగానే ట్యూబ్ ముక్కు కిందికి వాలి గ్రహం మాయమవుతుంది. పిల్లలు రెండు రోజులు చూసి వదిలేస్తారు, పెద్దవాళ్లు "తక్కువ ధరది, ఇంతే" అని సర్దిపెట్టేస్తారు. అదే ట్యూబ్‌ను కదలని ఆధారం మీద పెడితే చందమామ మీది గోతులు, గురుడి నాలుగు పెద్ద ఉపగ్రహాలు, శని వలయాలు 70 మి.మీ. వెడల్పు అద్దమున్న టెలిస్కోప్‌లో కూడా చక్కగా కనిపిస్తాయి. అందుకే కొత్త టెలిస్కోప్ కోసం వెతికే ముందు మౌంట్ సంగతి తేల్చుకోండి.

మీ ముందు నాలుగు దారులున్నాయి. ఉన్న మౌంట్‌ను విప్పి సరిచేసుకోవడం, అదే ట్యూబ్‌కు ప్లైవుడ్‌తోనో పైపులతోనో కొత్త ఆధారం చేయించుకోవడం, మంచి మౌంట్ విడిగా కొనడం, మొత్తం అమ్మేసి వేరే టెలిస్కోప్ కొనడం. ఏది సరైనదో మీ ట్యూబ్‌ను బట్టి, జబ్బు ఏమిటన్నదాన్ని బట్టి ఉంటుంది. కంటితో చూడటమే మీ సరదా అయితే, మన అక్షాంశాల్లో చవక ఈక్వటోరియల్ మౌంట్ (ఒక అక్షం ధ్రువం వైపు వాలి ఉండేది) మీద డబ్బు పోయడంకంటే ప్లైవుడ్ పెట్టె చేయించుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. ఎందుకో కింద చెబుతాను.

ముందు జబ్బు ఏదో తెలుసుకోండి

పగటి పూట, సూర్యుడికి బాగా దూరంగా ఉన్న దిక్కులో, ఒక సెల్ టవర్ కొసను ఐపీస్‌లోకి (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్) తెచ్చుకోండి. సూర్యుడి వైపు పొరపాటున కూడా ట్యూబ్ తిప్పకండి, కన్ను క్షణంలో పోతుంది.

మొదట ట్యూబ్‌ను వేలితో మెల్లగా తట్టండి. బొమ్మ ఒకటి రెండు సెకన్లలో నిలబడితే మౌంట్ బాగున్నట్టే. మూడు నాలుగు సెకన్లు పడితే సరిచేసుకోవచ్చు. ఐదారు సెకన్లు దాటి ఊగుతూనే ఉంటే అది వణుకు జబ్బు, దాని మూలం చాలావరకు ట్రైపాడ్‌లో ఉంటుంది. వంద రెట్లు పెద్దదిగా చూపించే ఐపీస్ పెడితే వణుకు కూడా వంద రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది, కాబట్టి ఈ పరీక్ష మీ దగ్గరున్న పెద్ద పవర్‌తోనే చేయాలి.

రెండోది, టవర్ కొసను మధ్యలో పెట్టి, బిగించి, చెయ్యి తీసేయండి. బొమ్మ పైకో కిందికో జరిగిపోతే అది జారుడు. మూడోది, స్లో మోషన్ నాబ్‌ను (ట్యూబ్‌ను కొద్దికొద్దిగా జరిపేది) ఒకవైపు తిప్పి, వెంటనే వెనక్కి తిప్పండి. నాబ్ ఎంత తిరిగాక బొమ్మ కదలడం మొదలవుతుందో చూడండి. పావు చుట్టులోపు అయితే పట్టించుకోనక్కర్లేదు. అర చుట్టు, ఒక చుట్టు పోతోందంటే గేరులో ప్లే, అంటే పళ్ల మధ్య వదులు, ఉంది. ఈ మూడింటికీ వైద్యం వేరు వేరు. వణుకుతున్న దానికి గేర్లు విప్పినా, జారుతున్న దానికి ట్రైపాడ్ మార్చినా ఫలితం ఉండదు.

వణుకు: ఖర్చు లేకుండా తగ్గేది

ముందుగా ట్రైపాడ్ కాళ్లను పూర్తిగా లోపలికి తోసేయండి. పలచటి అల్యూమినియం కాళ్లను చివరిదాకా లాగి నిలబెడితే ఏ మౌంటూ నిలబడదు. నిలబడి చూడాలనే కోరిక మానుకుని స్టూలు మీద కూర్చుంటే సగం వణుకు అక్కడే పోతుంది. కూర్చున్న కన్ను కూడా స్థిరంగా ఉంటుంది, ఎక్కువ వివరాలు పట్టుకుంటుంది.

తర్వాత కాళ్లు పైన మౌంట్‌కు తగులుకునే చోట ఉన్న మూడు బోల్టులు, నట్లు చూడండి. చాలావాటిలో ఇవి వదులుగానే ఉంటాయి. రెండు స్పానర్లతో బిగించండి, కాలు చేత్తో కొంచెం బలంగా తెరుచుకునేంత బిగువు చాలు. నట్టు మళ్లీ మళ్లీ వదులవుతుంటే లోపల నైలాన్ రింగు ఉండే లాక్ నట్టు వేయండి, హార్డ్‌వేర్ షాపులో కొద్ది రూపాయలకే వస్తుంది. మధ్యలో ఐపీస్‌లు పెట్టే ట్రే అలంకారానికి కాదు. అది మూడు కాళ్లనూ బయటికి తోసి బిగించి ఉంచుతుంది. దాన్ని పారేసి వాడేవాళ్లు తిరిగి పెట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

ఆ ట్రే కింద మధ్యలో రెండు లీటర్ల నీళ్ల సీసానో ఇసుక సంచో వేలాడదీయండి. అది ఊగకుండా నేలకు కొద్దిగా ఆనించి కట్టాలి. కాళ్లు లోపల బోలుగా ఉండే రకమైతే ఎండిన సన్నటి ఇసుక నింపి మూత బిగించినా బాగా పనిచేస్తుంది, బరువు పెరుగుతుందన్నదే ఇబ్బంది. ఇన్ని చేసినా ఐదు సెకన్లు ఊగుతుంటే ట్యూబ్ ఆ మౌంట్‌కు ఎక్కువైందని అర్థం. 900 మి.మీ. పొడవున్న న్యూటోనియన్ (అడుగున పుటాకార అద్దం, పై చివర పక్కన ఐపీస్ ఉండే రకం) ట్యూబ్‌ను ఈక్యూ-1 లాంటి చిన్న ఈక్వటోరియల్ తల (ట్రైపాడ్ పైన తిరిగే భాగం) మీద పెట్టి అమ్మే సెట్లు ఇలాంటివే. గాలి కొద్దిగా వీచినా ఆ పొడవు ట్యూబ్ దాన్ని పట్టుకుంటుంది. అక్కడితో మరమ్మతు ఆపి, ఆధారం మార్చే ఆలోచన చేయండి.

ఇంకో మాట. డాబా మీద మీ పక్కనే ఎవరైనా నడుస్తుంటే శ్లాబ్ కదలిక ఐపీస్‌లో కనిపిస్తుంది. మౌంట్‌ను తప్పుపట్టే ముందు ఒకసారి నేల మీద పెట్టి చూడండి. డాబాయే గతి అయితే శ్లాబ్ మధ్యలో కాకుండా గోడ మీదో, బీమ్ పైనో వచ్చేలా కాళ్లు పెట్టుకోండి.

జారుడు: ముందు బ్యాలెన్స్, తర్వాతే బిగింపు

జారుతున్న మౌంట్‌ను అందరూ చేసే పని ఇంకా గట్టిగా బిగించడం. నాబ్ మరలు పోయేది అందువల్లే. ఈక్వటోరియల్ అయితే పెద్ద అక్షం క్లచ్ వదులు చేసి, కౌంటర్‌వెయిట్ (ట్యూబ్‌కు ఎదురు బరువు) కడ్డీని నేలకు సమాంతరంగా తెచ్చి, బరువును ముందుకూ వెనక్కూ జరుపుతూ చేయి తీసినా అటూ ఇటూ పోకుండా చూడండి. తర్వాత రెండో అక్షానికి ట్యూబ్‌ను రింగుల్లో జరిపి అలాగే చేయండి. ఐపీస్, ఫైండర్ (గురి చూసుకునే చిన్న దుర్భిణి) పెట్టాకే ఇదంతా, ఖాళీ ట్యూబ్‌కు చేసిన బ్యాలెన్స్ పనికిరాదు. అమర్చేటప్పుడు ముందు కౌంటర్‌వెయిట్, తర్వాత ట్యూబ్. విప్పేటప్పుడు ముందు ట్యూబ్, తర్వాత కౌంటర్‌వెయిట్. కడ్డీ చివర ఉండే చిన్న స్క్రూ పోయిందంటే అదే కొలత స్క్రూ కొనిపెట్టండి, అది బరువు జారి కాలి మీద పడకుండా ఆపేది.

చిన్న రిఫ్రాక్టర్‌తో (ముందు లెన్స్ ఉండే టెలిస్కోప్) వచ్చే ఆల్ట్-అజిమత్ మౌంట్లది, అంటే పైకీ కిందికీ, పక్కలకూ తిరిగేవాటిది, వేరే గొడవ. వాటిలో చాలావరకు ట్యూబ్ బరువు తిరిగే బోల్టుకు పైన ఉంటుంది. కాబట్టి పైకెత్తేకొద్దీ వెనక్కి, దించేకొద్దీ ముందుకు పడాలని చూస్తుంది. ఇది తయారీలోనే ఉన్న లోపం, పూర్తిగా పోదు. కానీ తగ్గించవచ్చు. ట్యూబ్ జరిగే వీలుంటే దాన్ని మధ్యకు తెచ్చుకోండి. ఇరుపక్కలా ఉన్న బోల్టుల దగ్గర లోహానికి లోహం రాసుకుంటుంటే మధ్యలో పాల డబ్బా ప్లాస్టిక్‌ను గుండ్రంగా కత్తిరించి వాషర్‌లా వేయండి. బిగువు సమంగా వస్తుంది, ఆగి ఆగి ఎగిరినట్టు కదలడం పోతుంది. పక్కన ఎత్తు సరిచేసే కడ్డీ ఉంటే తుడిచి, కొద్దిగా గ్రీజు రాయండి. కడ్డీ వంగి ఉంటే అదే కొలత నిటారు స్టీల్ కడ్డీ వేయించుకోవచ్చు.

అల్యూమినియం లోపల మర పోతే కంగారు పడకండి. లేత్ మిషన్ షాపులో దాన్ని ఒక సైజు పెద్దగా మరతీసి ఇస్తారు. 6 మి.మీ. బోల్టు ఉన్నచోట 8 మి.మీ. బోల్టు పడుతుంది. చుట్టూ తగినంత లోహం ఉందో లేదో ముందు చూడాలి. ప్లాస్టిక్ భాగం పగిలితే మాత్రం జిగురు నమ్ముకోవద్దు.

గేరులో ప్లే, బిగుసుకుపోయిన నాబ్

చవక మౌంట్లలో ఫ్యాక్టరీలో వేసే గ్రీజు జిగురులా ఉంటుంది. వదులును కప్పిపుచ్చడానికి అది పనికొస్తుంది, కొన్నేళ్లకు దుమ్ము పట్టి గట్టిపడుతుంది. వారంటీ ఉన్నంతవరకు తల విప్పకండి. లేకపోతే ధైర్యంగా విప్పవచ్చు, ఎలక్ట్రానిక్స్ లేని ఈక్యూ-1, ఈక్యూ-2 తలలు సైకిల్ హబ్ విప్పినంత తేలిక. ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి, వాషర్లు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో గుడ్డ మీద పేర్చండి. పాత గ్రీజును కిరోసిన్‌తో, ఆరుబయట, మంటకు దూరంగా కడిగి ఆరనివ్వండి. ప్లాస్టిక్ భాగాలను మాత్రం సబ్బు నీళ్లతో కడగండి. తర్వాత తెల్ల లిథియం గ్రీజు పలచగా రాస్తే చాలు. కొబ్బరి నూనె, కుట్టు మిషన్ నూనె కారిపోతాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టేవాళ్లూ ఉన్నారు. అది ఉన్న గ్రీజును కూడా కరిగించేస్తుంది.

నాబ్ తిరుగుతున్నా ఏమీ కదలకపోతే గేరు పోయిందనుకోకండి. పొడవాటి కేబుల్ నాబ్ చివర ఒక చిన్న స్క్రూ ఉంటుంది. అది ఇరుసు మీద చదునుగా కోసిన వైపు కూర్చోవాలి, గుండ్రటి వైపు కూర్చుంటే జారుతుంది. ఒక్క నిమిషం పని.

నిజంగా ప్లే ఉంటే, వార్మ్‌ను (గేరు చక్రాన్ని తిప్పే స్క్రూ లాంటి ఇరుసు) పట్టి ఉంచే బ్లాకు బోల్టులు కొద్దిగా వదులు చేసి, వార్మ్‌ను పెద్ద చక్రం వైపు మెల్లగా నొక్కి పట్టుకుని బిగించాలి. ఆ తర్వాత నాబ్‌ను తిప్పుతూ చక్రం మొత్తం ఒక చుట్టు తిరిగేదాకా చూడండి. చవక గేర్లు పూర్తి గుండ్రంగా ఉండవు. ఒకచోట సరిపోయింది ఇంకోచోట బిగుసుకుంటుంది. ఎక్కడ బాగా బిగువుగా ఉందో అక్కడ హాయిగా తిరిగేలా పెట్టుకుని, మిగతా చోట్ల కొద్ది ప్లే ఉంటే ఓర్చుకోండి. సున్నా ప్లే కోసం బిగిస్తే పళ్లు అరుగుతాయి, మోటారు పెడితే ఆగిపోతుంది.

ఈ మొత్తానికి గ్రీజు, అలెన్ కీల సెట్, నట్లు, వాషర్లు కలిపి వందల్లోనే అవుతుంది, వేలు అక్కర్లేదు. అందుకే ఏ దారి ఎంచుకున్నా ముందు ఇది చేసి చూడమంటాను. ఆ తర్వాత అమ్మినా మంచి ధర వస్తుంది.

మన అక్షాంశంలో ఈక్వటోరియల్ ఉంచుకోవాలా?

ఈ మౌంట్ గొప్పతనం ఒకటే. దాని పెద్ద అక్షాన్ని ధ్రువం వైపు గురిపెడితే భూమి తిరిగే వేగానికి సరిగ్గా ఒక్క నాబ్ తిప్పుతూ గ్రహాన్ని మధ్యలో ఉంచుకోవచ్చు. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. వంద పవర్ దగ్గర మామూలు ఐపీస్‌లో అర డిగ్రీ ఆకాశం కనిపిస్తుంది కాబట్టి గురుడు రెండు నిమిషాల్లో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వెళ్లిపోతాడు. ఇంటి ముందు పదిమంది పిల్లలు వరుసలో నిలబడి ఉంటే మోటారు పెట్టిన ఈక్వటోరియల్ చేసే మేలు ఇంకేదీ చేయదు.

కానీ ధ్రువ నక్షత్రం హైదరాబాద్‌లో దిగంతం నుంచి 17 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, విజయవాడలో పదహారున్నర, తిరుపతిలో 14 కూడా ఉండదు. చేయి చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్లు కూడా లేదు. ఎదురింటి నీళ్ల ట్యాంకు, వేపచెట్టు, ఊరి దుమ్ము అన్నీ అక్కడే ఉంటాయి. అది కనబడకపోయినా పర్వాలేదు, కంటితో చూడటానికి ఫోన్ దిక్సూచితో ఉత్తరం పట్టుకుని ఎత్తు స్కేలును 17 దగ్గర పెడితే సరిపోతుంది. మన ప్రాంతంలో దిక్సూచి ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే.

అసలు చిక్కు బరువుది. అక్షం అంత కిందికి వాలితే తల మొత్తం ఉత్తరం వైపు ముందుకు వస్తుంది, కౌంటర్‌వెయిట్ కడ్డీ దాదాపు నిటారుగా వేలాడి ట్రైపాడ్ కాలికి తగులుతుంది. ఒక కాలు సరిగ్గా ఉత్తరానికి పెడితే పడిపోయే భయం తగ్గుతుంది కానీ బరువు ఆ కాలికే కొట్టుకుంటుంది. రెండు కాళ్ల మధ్య ఖాళీని ఉత్తరానికి తిప్పితే తగలదు, అప్పుడు కింద ఇసుక సంచి తప్పనిసరి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చిన మౌంట్ అయితే ఇంకో జాగ్రత్త. న్యూజెర్సీలో 40 డిగ్రీల దగ్గర పెట్టినది ఇక్కడ 17కు దించాలి. దించేటప్పుడు వెనక బోల్టు వదులు చేయకుండా ముందుది తిప్పితే ఆ సన్నటి బోల్టు వంగిపోతుంది.

ఇంకోటి చాలామంది గమనించరు. గురుడు వృషభ, మిథున రాశుల్లో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో దాదాపు నడినెత్తి మీదుగా వెళ్తాడు. ఐరోపాలో వాలుగా చూసే గ్రహాన్ని మనం మెడ ఎత్తి చూడాలి. నడినెత్తికి తిరిగినప్పుడు చాలా చవక మౌంట్లలో ట్యూబ్ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. న్యూటోనియన్ ఐపీస్ ఎటో వెళ్లిపోతుంది, ప్రతిసారీ రింగుల్లో ట్యూబ్ తిప్పుకోవాలి.

కాబట్టి మోటారు పెట్టుకునే ఉద్దేశం ఉంటేనే ఈక్వటోరియల్ ఉంచుకోండి. లేదంటే దాన్ని పక్కన పెట్టండి.

ప్లైవుడ్ పెట్టె

ఈ పెట్టె మౌంట్‌కు పేరు తెచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదాంత సొసైటీ మఠంలో సన్యాసి. 1944లో చేరి, 1967లో బయటికొచ్చాడు. 1968లో వీధుల్లో దారినపోయేవాళ్లకు ఆకాశం చూపించే బృందం మొదలైంది. ఖరీదైన ఇరుసులు, గేర్లు ఏవీ లేకుండా, చెక్క పెట్టెలో కూర్చున్న ట్యూబ్ చేత్తో తోస్తే జరగాలి, వదిలేస్తే ఆగాలి. అంతే ఆయన పద్ధతి. 2014లో చనిపోయేనాటికి ప్రపంచమంతా ఆ మౌంట్‌ను ఆయన పేరుతోనే డాబ్సోనియన్ అని పిలుస్తోంది.

మన ఊళ్లో ఇది చేయించడం చాలా సులువు, ఎందుకంటే కావలసినవన్నీ కార్పెంటర్ దగ్గరే ఉంటాయి. 18 మి.మీ. ప్లైవుడ్, సన్‌మైకా ముక్క, ప్లంబింగ్ షాపులో దొరికే 110 మి.మీ. పీవీసీ మూతలు రెండు. బయట వెతకాల్సింది టెఫ్లాన్ షీటు ఒక్కటే, ఇండస్ట్రియల్ సామాన్ల దుకాణాల్లో చిన్న ముక్క అడిగితే ఇస్తారు. ట్యూబ్‌ను ఐపీస్, ఫైండర్‌తో సహా తూచి, బ్యాలెన్స్ నిలిచే చోట ఒక చదరపు పెట్టెలో బిగించి, దాని ఇరుపక్కలా పీవీసీ మూతలు తగిలించాలి. అవి పక్క పలకల్లో కోసిన గుంటల్లో, రెండేసి టెఫ్లాన్ ముక్కల మీద కూర్చుంటాయి. కింద తిరిగే పలకకు అడుగున సన్‌మైకా, దాని కింద పలక మీద మూడు టెఫ్లాన్ ముక్కలు. ఆ మూడు ముక్కలూ సరిగ్గా కింద ఉన్న మూడు కాళ్ల మీదే రావాలి, అప్పుడే పలక వంగదు. సన్‌మైకా నున్నగా మెరిసేది కాకుండా కొద్దిగా గరుకుగా ఉన్నది అడగండి. నున్నటి దాని మీద టెఫ్లాన్ మొదట అతుక్కున్నట్టై ఒక్కసారిగా కదులుతుంది, గరుకు దాని మీద వెన్నలా జరుగుతుంది.

114, 130, 150 మి.మీ. న్యూటోనియన్‌లకు దీన్ని మించింది లేదు. 900 మి.మీ. పొడవు ట్యూబ్ అయితే కుర్చీలో కూర్చుంటే ఐపీస్ కంటికి దాదాపు సరైన ఎత్తుకు వస్తుంది. 650 మి.మీ. ట్యూబ్‌కు కింద ఒక గట్టి బల్ల కావాలి. లోపం లేకపోలేదు. నడినెత్తి దగ్గర పక్కలకు తిప్పడం మొండికేస్తుంది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది కాబట్టి గురుడు నడినెత్తి దాటేదాకా వేరేది చూసుకోవడమే మార్గం. ఫోటోలకు చందమామ వరకే పనికొస్తుంది.

రిఫ్రాక్టర్‌కు ఈ పెట్టె కుదరదు, దాని ఐపీస్ కింది చివర ఉంటుంది కాబట్టి ఆధారం ఎత్తుగా ఉండాలి. దానికి జీఐ పైపుల మౌంట్ చేసుకోండి. మూడు వైపులా పైపు పట్టే టీ జాయింటు ఒకటి, రెండు మూడు నిప్పుల్‌లు (మరలున్న పొట్టి పైపులు), ఫ్లాంజ్‌లు (చెక్కకు బిగించే పళ్లేలు), మరల మధ్య గ్రీజు. పైపు మరలే ఇరుసుల్లా తిరుగుతాయి. కింద టేకుతోనో తుమ్మతోనో చేయించిన చెక్క ట్రైపాడ్ ఉంటే అల్యూమినియం కాళ్లకంటే వణుకు చాలా త్వరగా చల్లారుతుంది.

కొనడమే అయితే

స్లో మోషన్ నాబ్‌లు ఉన్న గట్టి ఆల్ట్-అజిమత్ మౌంట్ 70, 80, 90 మి.మీ. రిఫ్రాక్టర్‌కు మంచి కొనుగోలు, రేపు ఇంకో ట్యూబ్ కొన్నా పనికొస్తుంది. ఈక్యూ-5 తరగతి మౌంట్ ధర చాలామంది మొదటి టెలిస్కోప్ ధరకంటే ఎక్కువ. ఫోటోలు తీయాలనే పట్టుదల ఉంటేనే అటు వెళ్లండి. ఉన్నది 76 మి.మీ. న్యూటోనియన్ అయితే దాని మీద ఏ మౌంటూ కొనకండి, అదే డబ్బుతో 130 మి.మీ. టేబుల్‌టాప్ డాబ్సోనియన్ వైపు చూడండి. అమ్మే అట్టపెట్టె మీద ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 1000 మి.మీ. అని ఉండి ట్యూబ్ మాత్రం అర మీటరే ఉన్న న్యూటోనియన్‌కు కూడా ఇదే మాట. దాని ఫోకసర్‌లో దాచిన అదనపు లెన్స్ బొమ్మను మెత్తబరుస్తుంది, మౌంట్ బాగుపడినా అది బాగుపడదు.

తనంతట తానే గ్రహాన్ని వెతికే గోటూ మౌంట్ చెడిపోయిందని అమ్మేస్తున్నవాళ్లు కనిపిస్తే బేరం వదులుకోకండి. వాటి జబ్బుల్లో చాలావరకు కరెంటువి. పెన్సిల్ బ్యాటరీలు నీరసించగానే మోటార్లు పిచ్చిగా తిరుగుతాయి, 12 వోల్టుల మంచి సప్లై ఇస్తే కుదురుకుంటాయి. ఇంకొన్ని తేదీవి. చాలా హ్యాండ్‌సెట్లు నెల ముందు, రోజు తర్వాత అడుగుతాయి. మార్చి 5ని మనం అలవాటుగా 05-03 అని కొడితే అది మే 3 అనుకుని ఆకాశమంతా వెతుకుతుంది. టైమ్ జోన్ ప్లస్ 5:30, రేఖాంశం తూర్పు, డేలైట్ సేవింగ్ లేదు. ఇవి సరిచూసి, ట్యూబ్‌ను బ్యాలెన్స్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

సెకండ్ హ్యాండ్ ఏది కొన్నా పైన చెప్పిన మూడు పరీక్షలూ అమ్మేవాళ్ల ఇంటి దగ్గరే, పగలే చేయండి. రెండు అక్షాలనూ పూర్తి చుట్టు తిప్పి చూడండి, ఒకచోట కరకరమంటే పళ్లు పోయినట్టు. బ్యాటరీ డబ్బా మూత తీసి పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. కౌంటర్‌వెయిట్, దాని కడ్డీ ఇస్తున్నారో లేదో అడిగి తీసుకోండి, అవి విడిగా దొరకడం కష్టం.